షేడ్ కార్డులో గంధం, గోడ మీద నిమ్మకాయ

"మేడమ్, రంగు బాగానే ఉంది, కానీ హాల్లో గంటసేపు కూర్చుంటే కళ్లు లాగుతున్నాయి." ఇళ్లకి రంగులు ఎంచి వేయించడం నా పని. ఫోన్లో ఆవిడ మొదట అన్న మాట ఇది. పెయింటింగ్ అయి అప్పటికి ఎనిమిది నెలలే. రంగు నచ్చలేదని చెప్పడానికి మొహమాటం, ఎందుకంటే షేడ్ కార్డు చూసి ఎంచుకున్నది ఆవిడే, ఇంట్లో అందరూ ఇప్పటికీ అదే గుర్తుచేస్తున్నారట.

విజయవాడ పటమటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, అందులో మూడో అంతస్తు, త్రిబుల్ బెడ్‌రూమ్. భర్త బ్యాంకులో, ఆవిడ స్కూల్లో టీచరు, కొడుకు ఇంట్లోంచే అమెరికా కంపెనీకి నైట్ షిఫ్ట్ చేస్తాడు. వీళ్లందరికీ పైన మామ్మగారు, అంటే సార్ వాళ్లమ్మ. ఎనభై దగ్గర పడినా చూపు బాగుంది, నోరు ఇంకా బాగుంది. ఈ కేసులో నాకు బాగా పనికొచ్చిన మాట ఆవిడదే, అది తర్వాత చెప్తాను.

హాలు పొడవు 22 అడుగులు, వెడల్పు 11. రైలు పెట్టె లాంటి హాలు అన్నమాట. వెలుతురు వచ్చేది ఉత్తరం వైపు బాల్కనీ నుంచి ఒక్కటే. బాల్కనీ ముందు పెద్ద వేపచెట్టు. రెండో చివర, దక్షిణం గోడకి, డైనింగ్ టేబులూ పూజగది తలుపూ. మంచి టేకు తలుపు, గంటల డిజైన్ చెక్కించారు, దానికి ఎంత పెట్టారో సార్ నాకు రెండుసార్లు చెప్పారు. కింద మెరిసే ఐవరీ టైల్స్. మెరూన్ సోఫా. గోడలకి 'గంధం రంగు' వేయించామని ఆవిడ అన్నారు, నేను లోపలికి అడుగుపెట్టగానే కనిపించింది మాత్రం పండీ పండని నిమ్మకాయ.

పెయింటరు మోసం చేశాడనే అనుమానం సార్‌కి ఉంది. షేడ్ కార్డు తీసి గోడకి ఆనించి చూశాం. అచ్చం అదే రంగు. తేడా లేదు. ఎవరూ మోసం చేయలేదు, షాపువాళ్లు కరెక్టుగానే కలిపి ఇచ్చారు, పెయింటరు కరెక్టుగానే వేశాడు. తప్పు జరిగింది రెండంగుళాల చీటీని చూసి నాలుగు గోడల్ని ఊహించుకోవడంలో.

నేను ఇలాంటి ఇంటికి మూడు పూటలు వెళ్తాను, పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి ఎనిమిదికి. చేతిలో ఉండేది ప్రింటర్లో పెట్టే తెల్ల కాగితం ఒకటి. దాన్ని గోడకి ఆనించి అక్కడక్కడా చూస్తాను. ఫోన్ కెమెరాని ఈ పనికి నమ్మకూడదు, అది తెలుపుని తనకి తోచినట్టు సర్దేసి చూపిస్తుంది. పొద్దున బాల్కనీ పక్క గోడ దగ్గర పెడితే తెల్ల కాగితం మీద పలచగా ఆకుపచ్చ ఛాయ, వేపాకుల్లోంచి వడకట్టుకుని వచ్చే వెలుతురు కాబట్టి. రాత్రి లైట్లు వేశాక అదే కాగితం కాస్త నీలంగా ఉంది. ఫాల్స్ సీలింగ్‌లో పది ప్యానెల్ లైట్లు, అన్నీ 6500 కెల్విన్. కెల్విన్ అంటే లైటు రంగుకి కొలత, అంకె పెరిగితే నీలం వైపు, తగ్గితే పసుపు వైపు. మన ఊళ్లలో ఎక్కడ చూసినా ఇదే లైటు, "తెల్లగా, బాగా కనిపిస్తుంది" అంటారు. పసుపు ఛాయ ఉన్న గోడ మీద పగలు పచ్చ పడి, రాత్రి నీలం పడితే అది గంధంలా ఎలా ఉంటుంది? రెండు పూటలా ఆకుపచ్చ వైపుకే జరుగుతుంది.

ఇది సగమే. మిగతా సగం గోడలు ఒకదానికొకటి చేసే సాయం. వాళ్లకి కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఉదాహరణకి ఒక లేత పసుపు పెయింటు, తన మీద పడ్డ ఎరుపు-పసుపు వెలుతురులో నూటికి 80, నీలం వెలుతురులో 60 వెనక్కి పంపుతుందనుకుందాం. ఒక్క గోడే ఉంటే మన కంటికి చేరేది 80కి 60. కానీ ఆ వెలుతురు ఎదుటి గోడకి తగిలి మళ్లీ వస్తే 64కి 36. మూడోసారి తగిలితే 51కి 22. అంటే గోడ నుంచి గోడకి వెళ్లిన కొద్దీ నీలం చచ్చిపోయి పసుపు చిక్కబడుతుంది. సన్నటి హాలు, నాలుగు గోడలూ ఒకే రంగు, పైగా వచ్చిన వెలుతుర్ని పైకి విసిరే మెరుపు టైల్స్, అవి కూడా మీగడ రంగువే. ఇక చెప్పేదేముంది. షేడ్ కార్డుకి ఎదుటి గోడ ఉండదు, అదీ తేడా. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, కార్డులో నచ్చింది వేస్తే గోడ మీద దాని అన్నయ్య వస్తాడు అని.

"మరి ఇంకా లేత షేడ్ తీసుకోవాల్సిందా?" అని ఆవిడ అడిగారు. అందరూ అడిగే ప్రశ్న, అందరూ చేసే పొరపాటు కూడా. రంగుకి మూడు గుణాలుంటాయి. ఒకటి దాని పేరు, ఎరుపా పసుపా నీలమా అని. రెండోది లేతా ముదురా. మూడోది గాఢత, అంటే ఆ రంగు ఎంత గట్టిగా అరుస్తోంది అనేది. అమెరికాలో ఆల్బర్ట్ మన్సెల్ అనే చిత్రకళ మాస్టారు 1905లో ఈ మూడింటినీ విడదీసి అంకెలు పెట్టి పుస్తకం వేశాడు, ఇప్పటికీ రంగుల పని చేసేవాళ్లకి అదే అ ఆలు. మనవాళ్లు షాపులో మొదటి రెండే చూస్తారు. మూడోదాన్ని ఎవరూ అడగరు. నిమ్మకాయ రంగు లేతే, కానీ వీధి చివరికి వినిపిస్తుంది. తాటాకు ఎండిన రంగు దానికంటే ముదురు, కానీ నోరెత్తదు. ఈ ఇంటి రోగానికి మందు ఇంకా లేతగా వెళ్లడం కాదు, గాఢత తగ్గించడం.

ఇది నాకంటే బాగా మేస్త్రి చెప్పాడు. నాతో పదేళ్ల నుంచీ పనిచేస్తున్న పెయింటింగ్ మేస్త్రి, అంతకుముందు ఇరవై ఏళ్లు సున్నం, డిస్టెంపర్ వేసినవాడు, స్టెయినర్ సీసాలు, అంటే తెలుపులో కలిపే చిక్కటి రంగులు, చేత్తో కలిపిన తరం. ఆ ఇంటి బాల్కనీలో అటక మీద పాత పెయింటు డబ్బా ఇంకా ఉంది. మిషన్లో రంగు కలిపినప్పుడు డబ్బా మూత మీద చిన్న స్టిక్కర్ అంటిస్తారు, ఏ స్టెయినర్ ఎంత పడిందో కోడ్లూ అంకెలూ ఉంటాయి దాని మీద. చాలామంది చూడను కూడా చూడరు. మేస్త్రి దాని మీద దుమ్ము వేలితో తుడిచి, కళ్లజోడు పైకెత్తి చదివి, "ఇందులో నలుపు పడలేదమ్మా, ఆక్సైడు కూడా లేదు, మొత్తం మెరుపు పసుపే" అన్నాడు. అంతే విషయం. ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్, నలుపు, ఇవి పడితే రంగు మట్టి వైపు దిగుతుంది, అణుకువగా ఉంటుంది. ఇవేవీ లేకుండా ఒక్క పచ్చి పసుపు స్టెయినర్ తెలుపులో పడితే ఎంత లేతగా కలిపినా దాని స్వభావం మారదు. అప్పటి నుంచీ ఆవిడ డబ్బా కొనే ముందు స్టిక్కర్ అడుగుతున్నారట, షాపువాళ్లు విసుక్కుంటున్నారట.

ఇక్కడ ఒక మాట పక్కకి వెళ్లి చెప్పాలి. ఇంటర్నెట్లో ఎక్కడ చూసినా 'ఉత్తరం వైపు గది చల్లగా, నీలంగా ఉంటుంది, కాబట్టి వెచ్చటి పసుపులు వేయండి' అని ఉంటుంది. ఈవిడ గంధం ఎంచుకోవడానికి కూడా అదే కారణం, ఒక వీడియో చూశారు. అది ఇంగ్లండులోనో కెనడాలోనో నిజం. విజయవాడ దాదాపు పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. మన ఉత్తరం గదులకి ఎండాకాలంలో పొద్దునా సాయంత్రం ఏటవాలుగా ఎండ కూడా పడుతుంది. పైగా మనకి చలితో గొడవ లేదు, ఉన్నదంతా ఎండ జిగేలుమనడంతోనే. వాళ్ల సలహా మనం తీసుకుని గోడకి పూస్తే ఎండాకాలం ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువైనట్టు అనిపిస్తుంది, నిజానికి పెరగకపోయినా.

సరే, గాఢత తగ్గించాలి అనుకున్నాక నేను మొదట చూపించిన శాంపిల్ నీలి ఛాయ ఉన్న బూడిద. టేకు తలుపుకి అది బాగా నప్పుతుందని నా లెక్క. మామ్మగారు ఒక్క చూపు చూసి, "అమ్మాయ్, గోడలకి విభూది పూస్తావా?" అన్నారు. ఇంకేం మాట్లాడతాం.

ఆ రోజు పని జరగలేదు, టీ తాగి కూర్చున్నాం. మాటల్లో చీరల సంగతి వచ్చింది. మామ్మగారు లోపలికెళ్లి ఒక పాత పట్టుచీర తెచ్చి చూపించారు, మామిడిపిందె రంగు చీర, వంకాయ రంగు అంచు. అంచుని చేత్తో మూసి, "ఇప్పుడు చూడు, వెలవెలబోలా?" అన్నారు. నిజంగానే పోయింది. చెయ్యి తీస్తే మామిడిపిందె మళ్లీ నిగనిగలాడింది. రంగులన్నిటినీ వరసగా చక్రంలా పేరిస్తే పసుపు-పచ్చకి ఎదురుగా వచ్చే రంగు వంకాయ వైపుదే. ఎదురెదురు రంగులు పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. మన నేతగాళ్లు చక్రం గీసుకోకుండానే ఈ పని చేస్తున్నారు. ఫ్రాన్సులో షెవ్రోల్ అనే కెమిస్టుకి కూడా ఇది నేత దగ్గరే తగిలింది. పారిస్‌లో గోబ్లాఁ నేతశాలలో రంగుల అద్దకం ఆయన అజమాయిషీలో ఉండేది. నల్ల దారం నల్లగా లేదు, రంగు సరిగ్గా ఎక్కలేదు అని ఫిర్యాదులొస్తే పరీక్షించి చూశాడు, అద్దకంలో లోపం లేదు, పక్కన నేసిన నీలం, వంకాయ దారాల వల్ల ఆ నలుపు అలా కనిపిస్తోందని తేల్చాడు. 1839లో దాన్ని పెద్ద పుస్తకంగా వేశాడు. నూట రెండేళ్లు బతికాడు కూడా. మామ్మగారికి ఈ కథ చెప్తే, "నూట రెండేళ్లు దారాలే చూశాడా పాపం" అన్నారు.

కానీ ఆ చీర వల్ల నాకు అసలు ప్రశ్న దొరికింది. ఈ హాల్లో చీర ఏది, అంచు ఏది? అంచు టేకు తలుపు, టేకు గుమ్మాలు. అవి నారింజ కలిసిన గోధుమరంగు. గోడ పసుపు అయితే టేకు దాంట్లో కలిసిపోయి వెలవెలబోతుంది, ఇప్పుడు జరుగుతున్నది అదే, అంత ఖరీదు పెట్టిన తలుపు ఎవరి కంటా పడటం లేదు. అయితే హాలంతా నీలి బూడిద వేస్తే మామ్మగారికి విభూది. కాబట్టి హాలు మొత్తానికి నోరెత్తని ఒక రంగు, తలుపు ఉన్న ఒక్క గోడకి మాత్రం టేకుకి ఎదురు రంగు. ఇలా అనుకున్నాక మిగతాదంతా శాంపిళ్ల పని.

మూడు షేడ్లు, ఒక్కో లీటరు కలిపించాం. ఒకటి నీలి బూడిదే, కాస్త మెత్తబరిచి, ఎందుకంటే నాకింకా ఆశ చావలేదు. రెండోది నీరసమైన ఆకుపచ్చ, ఆవిడ కోరిక. మూడోది గోధుమపిండిలో చిటికెడు బూడిదా అంతకంటే చిన్న చిటికెడు జేగురూ పడ్డట్టుండే రంగు. పేరు చెప్పాలి కదా అని 'నూపప్పు రంగు' అన్నాను. ఆ పేరు వల్ల మామ్మగారి దగ్గర సగం పని అయిపోయింది, ఇందులో నేను సిగ్గుపడేదేమీ లేదు. అందులో జేగురు చిటికెడు ఊరికే వేయలేదు. చెట్టు నుంచి పచ్చ వెలుతురు వస్తోంది కాబట్టి దానికి విరుగుడుగా గోడలోనే కాస్త ఎర్ర ఛాయ ఉంటే రెండూ కలిసి మామూలుగా కనిపిస్తాయి.

శాంపిల్ నేరుగా గోడకి వేయొద్దు. పాత రంగు చుట్టూ ఉంటుంది, అది కొత్తదాన్ని చెడగొట్టి చూపిస్తుంది. రెండడుగులకి మూడడుగుల హార్డ్‌బోర్డు ముక్కలకి ప్రైమర్ కొట్టి, చుట్టూ మూడంగుళాలు తెలుపు వదిలి, మధ్యలో రెండు కోట్లు వేయించాను. రెండేసి చొప్పున ఆరు బోర్డులు. ఒక సెట్టు బాల్కనీ దగ్గర, ఒక సెట్టు డైనింగ్ దగ్గర నిలబెట్టి ఐదు రోజులు వదిలేశాం. నేను ఏమీ చెప్పలేదు. రెండో రోజుకే ఆకుపచ్చ ఓడిపోయింది, వేపచెట్టు వెలుతురులో అది పార్కు గోడలా అయింది. నీలి బూడిద పగలు బాగానే ఉంది, రాత్రి డైనింగ్ చివర ఆస్పత్రి వరండా. నూపప్పు ఐదు రోజులూ నూపప్పులానే ఉంది. పెద్ద మెచ్చుకోలు కూడా ఎవరూ ఇవ్వలేదు దానికి, "పర్లేదు" అన్నారు. హాలు గోడకి నాకు కావాల్సిన మాట అదే.

సార్‌కి ఒక్కటే భయం, ఇల్లు చీకటైపోతుందేమోనని. పెయింటు కంపెనీలు ఒక్కో షేడ్‌కి ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఇస్తాయి, గోడ మీద పడ్డ వెలుతురులో నూటికి ఎంత వెనక్కి వస్తుందో చెప్పే అంకె. పాత రంగుది 78 దగ్గర, నూపప్పుది 70 దగ్గర. ఎనిమిది తగ్గిందని కంగారు పడక్కర్లేదు, ఎందుకంటే మన కన్ను ఈ లెక్క ప్రకారం చూడదు. నలుపుకీ తెలుపుకీ సరిగ్గా మధ్యలో ఉందని మనకి అనిపించే బూడిద రంగు నిజానికి ఐదో వంతు వెలుతురే వెనక్కి పంపుతుంది, దాని ఎల్‌ఆర్‌వీ 20 దగ్గర. కాబట్టి 78కీ 70కీ మధ్య కంటికి పడే తేడా చాలా తక్కువ. దానికంటే లైట్లు ముఖ్యం. పది ప్యానెళ్లూ మార్పించి 4000 కెల్విన్‌వి, సీఆర్‌ఐ 90 ఉన్నవి పెట్టించాను. సీఆర్‌ఐ అంటే ఆ లైటు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత. పాతవాటి డబ్బాల మీద ఆ అంకే లేదు. లైట్ల ఖర్చు పెయింటు డబ్బా కంటే ఎక్కువైంది, ఆ రోజు సార్ మొహం చూడాలి.

డైనింగ్ గోడ దగ్గర అసలు పంచాయితీ. చీకటి మూలకి తెలుపు వేయాలని ఒక నమ్మకం ఉంది మనలో. నా అనుభవంలో అది పనిచేయదు. తెలుపుకి తిండి వెలుతురు, వెలుతురు లేని చోట తెలుపు మాసిన పంచెలా కనిపిస్తుంది. అలాంటి చోట ముదురు రంగు వేస్తే అక్కడ నీడ ఉండటం తప్పులా అనిపించదు, కావాలనే ఉన్నట్టుంటుంది. పైగా 22 అడుగుల హాలుకి చివరి గోడ ముదురైతే ఆ గోడ దగ్గరికి జరిగినట్టుంటుంది, రైలు పెట్టె కాస్త పొట్టిదవుతుంది. టేకుకి ఎదురు కాబట్టి నెమలికంఠం రంగు అనుకున్నాను, బాగా నలుపు పడ్డది, ఎల్‌ఆర్‌వీ 12 ప్రాంతంలో. మామ్మగారేమో దక్షిణం గోడకి ఎరుపు మంచిదట, సిద్ధాంతిగారు చెప్పారు అన్నారు. వాస్తు విషయంలో నేను వాదించను. ఇల్లు వాళ్లది, నమ్మకం వాళ్లది. ఒక్కటే అడిగాను, "మామ్మగారూ, ఎర్ర గోడ మీద టేకు తలుపు పెడితే ఎర్ర చీరకి ఎర్ర అంచు వేసినట్టు కాదా?" అని. ఆవిడ కాసేపు తలుపు వంక, కాసేపు నా వంక చూశారు. పూజగది తలుపు పక్కన దీపం పెట్టుకోవడానికి అడుగున్నర గూడు ఒకటి ఉంది. "అయితే గూట్లో వెయ్యి ఎరుపు" అని ఆవిడే తేల్చేశారు. గూడు లోపల జేగురు, చుట్టూ నెమలికంఠం. పెద్ద రంగు మధ్యలో దాని ఎదురు రంగు చిన్న ముక్కగా ఉంటేనే అందం, సగం సగం ఉంటే కొట్లాట. నాకు తట్టని పరిష్కారం అది, ఇప్పుడు ఆ ఇంటికి వచ్చినవాళ్లందరూ ముందు ఆ గూడే చూస్తున్నారు.

పని ఫిబ్రవరిలో పెట్టుకున్నాం, గాల్లో తేమ తక్కువుండే రోజులు కాబట్టి లప్పం త్వరగా ఆరుతుంది. గోడలు కొత్తవే కదా, ఎమ్రీ పట్టి, గీతలు పడ్డ చోట లప్పం సరిచేసి, అంతవరకే ప్రైమర్ ఒక కోటు కొట్టించాను. తలుపులూ కిటికీలూ తీసేస్తే హాలు మూడు గోడలూ దాదాపు 400 చదరపు అడుగులు, రెండు కోట్లకి నాలుగు లీటర్ల డబ్బా సరిపోయి కొంచెం మిగిలింది. నెమలికంఠం గోడ మాత్రం చిన్నదైనా ఏడిపించింది. ముదురు రంగులు కలిపే బేస్‌లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి చాలా తక్కువ ఉంటుంది, అంటే కింద ఉన్నదాన్ని కప్పే శక్తి తక్కువ. రెండు కోట్లు వేసినా కింద నిమ్మకాయ తొంగి చూస్తూనే ఉంది. ప్రైమర్‌లో బూడిద స్టెయినర్ కలిపి ముందే ఆ గోడంతా వేసుంటే అక్కడే తేలిపోయేది, చెప్పడం మర్చిపోయాను. మూడో కోటుతో సరిపెట్టాం.

హాలుకి రంగు మొదలుపెట్టిన మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్. సార్. "మేడమ్, మీరు ఒకసారి రావాలి, రంగు తేడా వచ్చింది." వెళ్లేసరికి ఇంట్లో అందరూ హాలు మధ్యలో నిలబడి ఉన్నారు, మేస్త్రి ఒక పక్కన బ్రష్ నీళ్లలో పెట్టి కూర్చున్నాడు. పడమర గోడ సగం వరకు నూపప్పు, మిగతా సగం పాత నిమ్మకాయ. "గులాబీ రంగులా ఉంది కదండీ, మనం ఒప్పుకున్నది ఇది కాదు" అన్నారు ఆవిడ. నిజంగానే గులాబీ, ఇంకా చెప్పాలంటే వంకాయ ఛాయ కూడా. నాకు కూడా అలాగే కనిపించింది. కారణం తెలిసినా కన్ను కన్నే. పసుపు పక్కన ఏ నీరస రంగు పెట్టినా కన్ను దాని మీద పసుపుకి ఎదురైన వంకాయని తనంతట తానే పూసేస్తుంది. మామ్మగారిని పిలిచి, దండెం మీదున్న తెల్ల దుప్పట్లు రెండు తెప్పించి, మేస్త్రీ నేనూ చెరో కొసా పట్టుకుని నిమ్మకాయ సగాన్ని పైనుంచి కిందదాకా మూసేశాం. నాలుగైదు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. గులాబీ వెళ్లిపోయింది. గోడ మీద నూపప్పు మిగిలింది. దుప్పటి దించితే గులాబీ, ఎత్తితే నూపప్పు. సార్ ఆ ఆట మూడుసార్లు ఆడించి, "ఇదేదో కనికట్టులా ఉందండీ" అని భోజనానికి వెళ్లిపోయారు. మామ్మగారు మాత్రం, "నే చెప్పలా, అంచు మూస్తే తెలుస్తుందని" అన్నారు. సాయంత్రానికి ఇంకో ఫోన్, ఈసారి 'కోటు మరీ తెల్లగా ఉంది' అని. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలు కలిపినట్టు లేతగా ఉంటుంది, ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. పొద్దున్నే చూడండి అని చెప్పి పెట్టేశాను.

ఫినిషింగ్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకి గోడ మెరవకపోతే పెయింటు వేసినట్టే ఉండదు. బాల్కనీ నుంచి పక్కవాటుగా వెలుతురు పడే పొడవాటి గోడకి మెరుపు పెయింటు వేస్తే లప్పంలోని ప్రతి ఎత్తుపల్లం బయటపడుతుంది, పైగా వెలుతురు అద్దంలా కొట్టి కళ్లు లాగుతాయి. ఆవిడ మొదట చెప్పిన బాధలో సగం ఇదే అని నా అభిప్రాయం. హాలుకి మ్యాట్, అంటే మెరవనిది, కడగడానికి వీలైనది. నెమలికంఠం గోడకి మాత్రం కాస్త మెరుపు ఉన్న సాటిన్, ముదురు మ్యాట్ మీద కుర్చీ వీపు రాసుకుంటే తెల్లటి గీతలు పడతాయి, ఇక పోవు. వంటింట్లో నేను వేలు పెట్టలేదు. ఆగ్నేయం, మామ్మగారి రాజ్యం, పాత నారింజ పట్టీ అలాగే ఉంది, అక్కడ కొబ్బరి పచ్చడి నుంచి పోపు దాకా అన్ని మరకలూ దాంట్లో కలిసిపోతాయి, బాగానే ఉంది.

ఇప్పుడు నా తప్పు. కొడుకు గది తూర్పు వైపు, రోడ్డు మీదికి కిటికీ. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున పడుకుంటాడు కాబట్టి మధ్యాహ్నం నేను వెళ్లినప్పుడల్లా తలుపు వేసే ఉంది, లేపడం ఎందుకులే అని ఊరుకున్నాను. పొద్దుటి ఎండా రాత్రి లైటూ చూసి, పీచ్ ఛాయ ఉన్న ఆఫ్‌వైట్ వేయించాను, ఎల్‌ఆర్‌వీ 80 దగ్గర. పని అయిన వారానికి, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వీడియో కాల్. "ఆంటీ, నా గది తందూరీ చికెన్‌లా ఉంది చూడండి." పాత కర్టెన్లు తీసేశారు, కొత్తవి ఇంకా కుట్టించలేదు. కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల, ముప్పై అడుగుల దూరంలో ఇంకో అపార్ట్‌మెంట్, మొత్తం నారింజ రంగు. మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక ఎండ మన బిల్డింగు పైనుంచి వెళ్లి దాని పడమటి గోడ మీద పడుతుంది. అక్కడి నుంచి నారింజ వెలుతురు నేరుగా ఈ గదిలోకి. నా పీచ్ దాన్ని కౌగిలించుకుంది. పొద్దునా రాత్రీ అసలు జాడే లేదు, మధ్యాహ్నం ఓ రెండున్నర గంటలే. మూడు పూటలూ చూస్తానని పైన గొప్పగా రాశాను కదా, ఈ గదికి రెండు పూటలే చూశాను.

కిటికీకి ఎదురుగా ఉన్న ఒక్క గోడా మార్చాం, పెయింటు డబ్బు నేనే పెట్టుకున్నాను, మేస్త్రి ఆ రోజు కూలి సగమే తీసుకున్నాడు. వేసింది మామ్మగారు వద్దన్న ఆ విభూది రంగే, నీలి బూడిద, శాంపిల్ డబ్బాలో మిగిలినదీ ఇంకో లీటరూ కలిపి. మధ్యాహ్నం నారింజ వెలుతురు పడ్డప్పుడు అది ఏ రంగూ లేనట్టు మామూలు గోడలా ఉంటుంది, మిగతా వేళల్లో నీలంగా చల్లగా ఉంటుంది. అబ్బాయికి నచ్చింది. మామ్మగారు ఆ గదిలోకి రావడం తక్కువ కాబట్టి గొడవ లేదు.

పోయిన నెల అబ్బాయి ఒక ఫొటో పంపాడు, తన కిటికీలోంచి తీసింది. ఎదుటి అపార్ట్‌మెంట్‌కి కింది నుంచి పైదాకా సరివి కర్రలు కట్టి ఉన్నాయి, రెండు అంతస్తుల నారింజ అప్పటికే ప్రైమర్ కింద పోయింది. కింద మెసేజ్: "వాచ్‌మన్‌ని అడిగా ఆంటీ. ఈసారి చిలకపచ్చ అట."